సలోమి సిస్టర్ నేర్పిన పొర

నూకాలమ్మ పొట్టమీది కట్టు విప్పేసరికి మంచం చుట్టూ ఉన్న ముగ్గురూ ఒక్కసారే ముందుకు వంగారు.

కుట్లు చక్కగానే ఉన్నాయి. చీము లేదు, తడి లేదు. జానెడున్నర గాయం పొడుగునా కుట్లన్నీ వరసగా, ఒద్దికగా కూర్చున్నాయి. కాని గాయానికి అటు రెండు చోట్ల, ఇటు రెండు చోట్ల చర్మం నల్లబడిపోయింది. కమిలిన నలుపు కాదు, చచ్చిపోయిన నలుపు. ఒక్కో మచ్చ అగ్గిపెట్టెంత ఉంది. అంచులు కూడా అగ్గిపెట్టెకి ఉన్నట్టే తిన్నగా ఉన్నాయి.

కెజియా ఫోను పట్టుకుని మంచం కాళ్ల వైపు నిలబడి ఉంది. ఫొటోలు తీసుకుందామని పొద్దున్నే తయారై ఉత్సాహంగా వచ్చింది పాపం. ఆమె కనిపెట్టిన పొర వేసి చేసిన ముప్ఫై మూడో ఆపరేషన్ ఇది. నూకాలమ్మ బక్కప్రాణి. ఉప్పాడలో ఎండు చేపలమ్ముకునే మనిషి, అరవై ఎనిమిదేళ్లు, ఒంటిమీద కండ లేదు. అలాంటి మనిషి పొట్ట ఆరు గంటలు తెరిచి ఉంచినా చర్మం కందలేదని అందరికీ చూపించాలని కెజియా ఆశ. ఫోను పట్టుకున్న చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

కట్టు విప్పిన సలోమి సిస్టర్ కెజియాకు స్వయానా తల్లి. విప్పిన గాజుగుడ్డ చేత్తో పట్టుకుని ఆవిడ ఆ మచ్చల వంకే చూస్తోంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. నూకాలమ్మ కూతురు భయంభయంగా అడిగింది, ఆ నల్లగా ఉన్నదేంటండీ అని.

"ఫర్వాలేదమ్మా," అంది సలోమి. ఆ మాట ఆవిడ నోటికి ముప్ఫై ఏళ్ల అలవాటు. అంత భయంలోనూ అదే ముందు బయటికొచ్చింది.

కెజియా తేరుకుని, అక్కడ నొప్పి తెలియలేదా అని నూకాలమ్మనే అడిగింది.

"పొట్ట కోశాక నొప్పుండదా తల్లీ? ఉండేదే కదాని ఊరుకున్నాను," అంది నూకాలమ్మ.

అయిదు రోజులు ఊరుకుంది ఆవిడ. రోజుకి రెండుసార్లు డాక్టర్లు వచ్చి ఎలా ఉందమ్మా అని అడిగితే, బాగుందయ్యా అని చెప్పి పంపించింది.

ఇక్కడ కాస్త ఆగి ఈ పొర సంగతి చెప్పాలి. పొట్ట కోసి చేసే ఆపరేషన్‌లో గాయం అంచులు వాటంతటవే తెరుచుకుని ఉండవు. ఉక్కు పలకలు దించి, రెండు వైపులకూ లాగి, ఒక చట్రానికి బిగిస్తారు. వాటినే రిట్రాక్టర్లంటారు. డాక్టరు కళ్లు లోపల పేగుల మీద ఉంటాయి. మత్తులో ఉన్న మనిషికి ఉలుకూ పలుకూ ఉండదు. మూడు గంటలు, అయిదు గంటలు ఆ పలకలు చర్మాన్ని నొక్కిపెట్టే ఉంటాయి. నెత్తురు ఆడని చర్మం ఏమవుతుందో, వేలికి దారం బిగించి కట్టుకుని చూసిన వాళ్లెవరికైనా తెలుసు. పలకల కింద తడి గుడ్డలు మడతపెట్టి దోపడం ఎప్పటి నుంచో ఉన్నదే. గుడ్డ మెత్తగానే ఉంటుంది కాని, ఇక చాలు అని చెప్పడానికి దానికి నోరు లేదు.

ఆ నోరు పెడదామనుకుంది కెజియా.

వాళ్లమ్మ కాకినాడలో, పేరు ఎందుకులెండి, ఒక పెద్ద ఆస్పత్రిలో థియేటర్ సిస్టరు. కెజియా చిన్నప్పుడు అన్నం తింటూ విన్న కథలన్నీ పొట్టల కథలే. ఎవరి పొట్టలో ఎంత గడ్డ ఉంది, ఎవరు బతికారు, ఎవరు కుట్లు మానినా పలకలు నొక్కిన చోట పుండు పడి నెల్లాళ్లు మంచాన ఉన్నారు. ఆ పుండు మాట వచ్చినప్పుడల్లా సలోమి కంచంలో చెయ్యి ఆపేసేది. "నిద్రపోయే మనిషిని గిచ్చినట్టే కదే అది," అనేది. ఆ ఒక్క మాట పట్టుకుని కెజియా ఇంజనీరింగ్ చదివింది, ఆ తర్వాత ఇంకా చదివింది. చివరికి అమ్మ పనిచేసే ఆస్పత్రిలోనే రెండో అంతస్తులో, పాత మంచాలు పడేసే గది అడిగి తీసుకుని ప్రయోగశాల పెట్టుకుంది.

ఆమె తయారుచేసిన పొర పాలమీద మీగడంత పలచన. దాని నిండా గాజు గిన్నెల్లో పెంచిన నరాల పోగులు ఉంటాయి. పలక కింద పరిస్తే చర్మం పడే బాధ అదీ పడుతుంది. బాధ హద్దు దాటితే చట్రం మీదున్న నీలం దీపం ఎర్రబడుతుంది, చిన్న మోటారు పలకను చట్రానికున్న పళ్ల మీద ఒక్క పన్ను వెనక్కి వదులు చేస్తుంది. రెండు నిమిషాలు నెత్తురు ఆడనిచ్చి మళ్లీ బిగిస్తుంది. అయితే కొత్తగా పుట్టిన పొరకు హద్దంటే ఏమిటో తెలియదు. ఈక వేసినా ఇనుప గుండు పెట్టినా దానికొకటే. దానికి మనిషే నేర్పాలి. మెలకువగా ఉన్న మనిషి పొట్టమీద పొర పరిచి, పైన పలక పెట్టి నొక్కుతూ, చేతికి ఒక మీట ఇస్తారు. నొప్పి మొదలవగానే మీట నొక్కాలి. ఒక్క పొర నేర్చుకుంటే చాలు, దాన్నుంచి పెంచి ఎన్ని పొరలు తీసినా అన్నిటికీ ఆ చదువే వస్తుంది.

మొదట నేర్పడానికి ముగ్గురు వచ్చారు. ఇద్దరు హౌస్ సర్జన్లు, ఒకామె రికార్డుల గదిలో పనిచేసే అమ్మాయి. ముగ్గురూ మూడో నిమిషంలోనో నాలుగో నిమిషంలోనో అబ్బా అని మీట నొక్కేశారు. ఆ చదువుతో పొర తీసుకెళ్లి థియేటర్లో పెద్ద డాక్టరు భాస్కరవర్మగారికి చూపిస్తే ఆయన పెదవి విరిచారు. నాలుగు నిమిషాలకోసారి పలక వదులైపోతుంటే నేను లోపల చూసేదెప్పుడు, కోసేదెప్పుడు అన్నారు. వర్మగారు చెడ్డమనిషి కాదు. ఆయన కత్తి ఆడుతున్నంతసేపూ థియేటర్లో ఎవరూ నోరు విప్పకూడదు, ఆయన అడిగితేనే జవాబు చెప్పాలి, అంతే. ఆ కట్టుబాటు నేర్పిందీ, కొత్తగా వచ్చిన ప్రతి నర్సు చేతా పాటింపజేసిందీ సలోమి సిస్టరే.

కూతురు మొహం వేలాడేసుకుని రావడం చూసి సలోమికి మనసు చివుక్కుమంది. వాళ్లు ముగ్గురూ సుకుమారాలు, ఏదీ నా పొట్టమీద పెట్టు అంది. అలా రెండు నెలల్లో నలభైసార్లు ఆవిడే పడుకుంది. పలక నొక్కుతుంటే పైకప్పు చూస్తూ, చింతచిగురు దొరకడం లేదనీ, వాషింగ్ మెషిన్ బాగు చేయించాలనీ కబుర్లు చెప్పేది. నొప్పిగా ఉందా అమ్మా అని కెజియా అడిగితే, "ఫర్వాలేదు, కానీ," అనేది. నలభై నిమిషాలు దాటాక ఎప్పుడో మీట నొక్కేది. ఆ ముగ్గురూ నిజంగానే సుకుమారాలని కెజియా కూడా నమ్మి, వాళ్ల చదువు పక్కన పడేసింది. అమ్మ నేర్పిన పొర వర్మగారికి ఎంతో నచ్చింది. ఏడు ఆస్పత్రులు తీసుకున్నాయి.

ఇదీ సంగతి. ఇప్పుడు నూకాలమ్మ పొట్టమీద నాలుగు మచ్చలు.

కెజియా మెట్లెక్కి తన గదికి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. వస్తూనే ఏడు ఆస్పత్రులకూ ఫోన్లు చేసింది. పొర వాడడం ఆపేయండి, పెట్టెల్లో ఉన్నవి ఉన్నట్టే వెనక్కి పంపించేయండి అని ఒక్కొక్కరికీ చెప్పింది. అయిదో ఫోను రాజమండ్రికి. అక్కడి నర్సు సంతోషంగా చెప్పింది, ఇప్పుడే లోపల ఆపరేషన్ జరుగుతోంది మేడమ్, రెండున్నర గంటలైంది, దీపం మూడే మూడుసార్లు ఎర్రబడింది అని. నిన్నటిదాకా ఆ మాట వింటే కెజియా మురిసిపోయేది. ఇప్పుడు ఆ నర్సును ఇంకో మాట అననివ్వలేదు.

"పొర తీసేయమనండి. పాత పద్ధతిలో తడి గుడ్డలు పెట్టి, పావుగంటకోసారి చేత్తో వదులు చెయ్యమనండి. ఇప్పుడే వెళ్లి చెప్పండి," అంది.

మధ్యలో వెళ్లి మాట్లాడితే డాక్టరుగారు ఊరుకోరండీ అంది ఆ నర్సు. ఊరుకోకపోతే నా పేరు చెప్పండి అని కెజియా అరిచింది. జీవితంలో ఎవరి మీదా అలా అరిచి ఎరగదు. ఫోను పెట్టేసి మిగతా రెండు ఆస్పత్రులకూ చేసింది.

పొర తప్పు చేసిందా, దానికి నేర్పిన చదువు తప్పా? అది తేల్చుకోవాలి. కెజియా పాత రికార్డులు తెరిచింది. నేర్పేటప్పుడు కంప్యూటరు రెండు గీతలు గీస్తుంది. ఒకటి పొరలోని నరాలు చెప్పేది, రెండోది మీట మీదున్న బొటనవేలు చెప్పేది. రెండిట్లో దేన్ని నమ్మాలన్న ప్రశ్న అప్పుడే వచ్చింది. దగ్గినా నరాల గీత ఎగురుతుంది, చలేసినా ఎగురుతుంది, మనిషి తన నోటితో చెప్పేదే నిజం అని కెజియా తీర్మానించింది. ఆ సంగతి మీద వ్యాసం రాస్తే పెద్దవాళ్లు మెచ్చుకున్నారు కూడా. నరాల గీతను ఆ తర్వాత ఆమె తెరిచి చూడనే లేదు.

ఇప్పుడు చూసింది. మొదటి రోజు, నాలుగో నిమిషంలో నరాల గీత నిటారుగా పైకి లేచింది. లేచి అక్కడే నిలబడిపోయింది. అయిదు, పది, ఇరవై, ముప్ఫై నిమిషాలు. బొటనవేలు కదిలింది నలభై ఒకటో నిమిషంలో. రెండో రోజు తెరిచింది, అదే. పదో రోజు, ఇరవయ్యో రోజు, అన్నీ అంతే. ముప్ఫై ఏడు నిమిషాల పాటు ఆ చర్మం కేకలు పెడుతూ ఉంటే, ఆ పక్కనే కూర్చుని తను చింతచిగురు గురించి కబుర్లాడింది.

పొర తప్పేమీ చెయ్యలేదు. నలభై నిమిషాలు ఓర్చుకోవాలని దానికి నేర్పారు, అది ఓర్చుకుంది. ముందు ముప్ఫై రెండు మందీ కాస్త కండ ఉన్నవాళ్లు, తొందరగా తెమిలిన ఆపరేషన్లు, ఎలాగో గట్టెక్కారు. నూకాలమ్మ దగ్గర బండారం బయటపడింది.

మధ్యాహ్నం డ్యూటీ దిగి సలోమి పైకి వచ్చింది. టిఫిన్ డబ్బా బల్లమీద పెట్టి, తిన్నావా అని అడిగింది. కెజియా స్క్రీను తల్లి వైపు తిప్పింది. ఆ రెండు గీతలేమిటో చెప్పనక్కర్లేకపోయింది. ముప్ఫై ఏళ్లు మానిటర్ల ముందు నిలబడిన మనిషికి గీత చదవడం రాదా?

"ఓర్చుకోగలిగినంత సేపు ఓర్చుకోమన్నావు కదే," అంది సలోమి చివరికి.

"నేనలా అనలేదమ్మా. నొప్పి మొదలవగానే నొక్కమన్నాను."

సలోమి కూతురి వంక అయోమయంగా చూసింది. "రెండూ ఒకటే కదా?" అంది.

అమ్మ అబద్ధమాడలేదు. ఆవిడ లెక్కలో నిజంగానే రెండూ ఒకటి. ఓర్చుకోలేకపోయినప్పుడే దాన్ని నొప్పి అంటారు, అంతవరకూ ఉన్నదానికి ఆవిడ దగ్గర పేరే లేదు. కెజియాను ఏడో నెల మోస్తున్నప్పుడు, ఇలాంటి చట్రాలు ఇంకా రాని రోజుల్లో, రిట్రాక్టరు రెండు చేతులా లాగిపట్టుకుని నాలుగు గంటలు నిలబడింది. బల్ల అంచు పొట్టకు ఒత్తుకుంటూనే ఉంది. మధ్యలో వర్మగారు తలెత్తకుండా, ఫర్వాలేదా సిస్టర్ అని అడిగారు. ఫర్వాలేదు సార్ అంది. ఇంట్లో ఈ కథ నవ్వుతూ చెప్పుకునేవాళ్లు.

కెజియా లేచి తలుపు వేసి వచ్చింది. కొంగు పక్కకు తియ్యమ్మా అంది. సలోమి మొదట ఒప్పుకోలేదు, ఎందుకే ఇప్పుడు అంది, ఆకలేస్తోంది అంది. కూతురు కదలకుండా ఎదురుగా నిలబడేసరికి తెల్లచీర కొంగు తప్పించింది.

పొట్ట మీద, పైనుంచి కింద దాకా, అగ్గిపెట్టెంత మచ్చలు. కొన్ని గోధుమరంగుకి తిరిగాయి, కొన్ని ఇంకా నల్లగానే ఉన్నాయి. ఒకచోట మాని, పుండు పడి, మళ్లీ మానిన గుర్తు. పలక ఎక్కడ పెట్టాలో తల్లే చూపించి తనే సర్దుకునేది. మచ్చ లేని చోటు చూసి కెజియా ముందు పెట్టేదన్నమాట. నూకాలమ్మ పొట్టమీద చూసినవి నాలుగు. ఇక్కడ ఎన్ని ఉన్నాయో కెజియా లెక్కపెట్టలేకపోయింది.

"ఎందుకమ్మా ఇలా చేశావు?" అని ఏడ్చింది.

నీ పని ఆగిపోతుందనుకున్నానే అని మాత్రం చెప్పి సలోమి కొంగు సర్దుకుంది. తర్వాత చాలాసేపు నూకాలమ్మ గురించే మాట్లాడింది. ఆవిడ చర్మం కోసి తీసి, తొడ నుంచి కొత్తది వెయ్యాలి. నా మూలంగా ఆ మనిషికి ఇంత శిక్ష పడింది అంది. కెజియా అంతా విన్నది కాని, కళ్లు మాత్రం స్క్రీను మీదే ఉన్నాయి. ఆ గీతలో ఇంకేదో తేడాగా ఉంది.

పలక నొక్కక ముందు, పొర ఊరికే పొట్టమీద పరుచుకుని ఉన్న ఆ మొదటి నిమిషంలో, నరాల గీత అట్టడుగున సున్నా దగ్గర ఉండాలి. మిగతా ముగ్గురి గీతలూ అలాగే ఉన్నాయి. అమ్మ గీత మాత్రం కొంచెం పైన నడుస్తోంది. కెజియాకు గుర్తొచ్చింది. మొదటి రోజునే దాన్ని చూసింది. పాత భవనం, పాత వైర్లు, కరెంటు గోల అనుకుని, ఆ కాస్తా తీసేసి మిగతాది లెక్కపెట్టమని కంప్యూటరుకు తనే చెప్పింది. ఆ తర్వాత కంప్యూటరు నలభైసార్లూ బుద్ధిగా దాన్ని చెరిపేస్తూ వచ్చింది.

చెరిపినదాన్ని వెనక్కి తెచ్చింది. మొదటి రోజు, పదో రోజు, ఇరవై, ముప్ఫై, నలభై. ఒకదాని పక్కన ఒకటి పెట్టింది. కరెంటు గోలైతే రోజుకొకలా ఉండాలి. ఇది మెట్లెక్కినట్టు కొంచెం కొంచెంగా పెరుగుతూ వచ్చింది.

పొట్ట లోపల నొప్పి ఉంటే పైనున్న కండరం తెలియకుండానే బిగుసుకుంటుంది. చేత్తో తడిమితే తెలియనంత సన్నని బిగువైనా పొర పట్టుకుంటుంది. అసలు ఆ పొర గొప్పదనమే అది.

"ఎప్పటి నుంచమ్మా?" అని అడిగింది.

సలోమి కూడా ఆ మెట్లను చూసింది. ఇక దాచి లాభం లేదనుకుందేమో. "కిందటి క్రిస్మస్ ముందు నుంచి. తింటే ఎక్కువవుద్ది. నీ పని ఒక కొలిక్కి వచ్చాక చూపించుకుందామనుకున్నాను," అంది.

ఎనిమిది నెలలు. నిద్రపోయే మనుషుల నొప్పి వినడానికి కెజియా యంత్రం చేసింది. ఆ యంత్రం మొట్టమొదటి రోజున, మొట్టమొదటి నిమిషంలోనే అమ్మ నొప్పిని తెచ్చి ముందు పెట్టింది. దాన్ని కెజియా తన చేత్తోనే చెరిపేసింది.

మర్నాడు స్కానింగ్‌లో క్లోమం దగ్గర గడ్డ కనిపించింది. వర్మగారు ఆ ఫిల్ముల్ని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశారు. తెరిస్తే గాని చెప్పలేను, తీయగలిగితే అయిదారు గంటలు పడుతుంది, పన్నెండు రోజుల్లో పెట్టుకుందాం అన్నారు. సలోమి తలూపి ఒకే ఒక్క మాట అంది.

"కొత్త పొర నా మీదే ముందు వెయ్యాలి సార్."

కెజియా వద్దంది. ఆవిడ వినలేదు. తప్పు నేర్పింది నేను, దిద్దింది కూడా నా కళ్లతో చూడాలి అని పట్టుబట్టింది.

ఈసారి కెజియా తనే పడుకుంది. మీట తల్లి చేతిలోనూ పెట్టలేదు, తన చేతిలోనూ పెట్టుకోలేదు. నరాల గీత లేచినప్పుడే హద్దు అని పొరకు నేర్పింది. పలక నొక్కిన మూడు నిమిషాల యాభై సెకన్లకు కెజియా అబ్బా అని గట్టిగా కేక పెట్టింది, సరిగ్గా అప్పుడే గీత లేచింది. పక్క కుర్చీలో కూర్చున్న సలోమికి నవ్వాగలేదు. పొట్ట పట్టుకుని నవ్వి, నవ్వితే నొప్పొచ్చి, ఆ సంగతి బయటపడకుండా మొహం పక్కకు తిప్పుకుంది. కెజియా చూసింది. పాత ముగ్గురికీ కబురు పెట్టి, మిమ్మల్ని సుకుమారాలన్నాను, క్షమించండి అని వాళ్లనూ మళ్లీ పడుకోబెట్టింది. నలుగురి చదువూ కలిపి తొమ్మిది రోజుల్లో కొత్త పొర తయారైంది.

వర్మగారి దగ్గరికి వెళ్లి, నాలుగు నిమిషాలకోసారి వదులవుతుంది సార్ అని ముందే చెప్పింది. ఆయన నూకాలమ్మ మచ్చల ఫొటో అడిగి తీసుకున్నారు. "ఆరు గంటల్లో నేనొక్కసారి కూడా ఆ చర్మం వంక చూడలేదమ్మా. వదులైనప్పుడల్లా ఆగుతాను," అన్నారు.

ఈలోగా నూకాలమ్మకు చచ్చిన చర్మం తీసి కొత్తది వేశారు. తల్లీకూతుళ్లిద్దరూ ఆవిడ మంచం దగ్గరికి వెళ్లారు. కెజియా ఏదీ దాచకుండా చెప్పింది. ఈ పొరకు నేర్పిన మనిషి చాలా ఓర్పుగల మనిషి, ఆ ఓర్పు మీ ప్రాణం మీదికి తెచ్చింది, తప్పు నాది అంది. ఆ మనిషి ఎవరో మాత్రం చెప్పలేదు. నూకాలమ్మ కూతురు కోపంగా లేచింది. చెయ్యని పాపానికి మా అమ్మ రెండుసార్లు కోయించుకోవాలా అని నిలదీసింది.

నూకాలమ్మ మాత్రం సలోమి తెల్లచీర వంక, ఆవిడ నిలబడిన తీరు వంక చూస్తూ ఉండిపోయింది. "నేర్పిన మనిషెవరో గాని నాలాంటిదే అయ్యుంటాది. ఆవిడ బాగుందా?" అంది.

సలోమి వంగి ఆవిడ దుప్పటి సర్దింది. ఫర్వాలేదని మాత్రం అనలేదు.

ఆపరేషన్ రోజున పొర చూసుకోవడానికని కెజియాను థియేటర్లోకి రానిచ్చారు. తల్లి మొహం వైపు చూడకూడదని ముందే నిశ్చయించుకుంది. గోడ గడియారం తొమ్మిదీ పది చూపిస్తుండగా పలకలు దించి, చట్రం బిగించారు. దీపం నీలంగా వెలిగింది. ఎవరూ మాట్లాడడం లేదు. కెజియా చూపు దీపం మీదే ఉంది.

నాలుగో నిమిషం దాటగానే దీపం ఎర్రబడింది. సన్నని చప్పుడుతో పలక ఒక్క పన్ను వదులైంది. వర్మగారు మాట ఇచ్చినట్టే చేతులు పైకి తీసి ఆగారు. కెజియాకు ఒళ్లంతా పులకరించింది. అమ్మ పొట్ట మొదటిసారిగా ఇక చాలు అంది, పెద్ద డాక్టరు ఆగి విన్నాడు. ఎక్కడున్నాననేది కూడా మరిచిపోయి, సిగ్గుపడాల్సినంత సంతోషపడింది. రెండు నిమిషాల తర్వాత పలక మళ్లీ బిగిసింది. ఇక పదో నిమిషం దాటాక మళ్లీ ఎర్రబడాలి. ఆమె సెకన్లు లెక్కపెడుతోంది.

వర్మగారు కత్తి అందుకోలేదు. పేగుల మడతలు మెల్లిగా ఎత్తి చూశారు, ఇంకో మడత ఎత్తి చూశారు. పక్కనున్న డాక్టరు కూడా వంగి చూసి నిటారుగా నిలబడ్డాడు. పరీక్షకు పంపడానికి ఒక చిన్న ముక్క తీసి సీసాలో వేశారు. దీపం మళ్లీ ఎర్రబడింది. పలక వదులైంది. ఈసారి ఆయన దాని కోసం ఆగలేదు.

"పలకలు తీసేయండి," అన్నారు.

కెజియాకు ముందు అర్థం కాలేదు. పొరలో ఏదైనా లోపం వచ్చిందేమో, అందుకే తీసేయమంటున్నారేమో అనుకుని ఒక అడుగు ముందుకు వేసింది. అప్పుడు వర్మగారు తలెత్తి ఆమె వంక చూశారు. కత్తి పట్టాక తలెత్తని మనిషి తలెత్తారు. ఆమె గడియారం చూసింది. తొమ్మిదీ ఇరవై ఒకటి. తీయగలిగితే అయిదారు గంటలన్న పని, గడ్డ అలాగే ఉండగా పదకొండు నిమిషాల్లో అయిపోయింది. పలకలు తీశాక గాయం అంచులు కళ్ల ముందున్నాయి. లేత గులాబీరంగులో, ఎక్కడా కందకుండా, గీత కూడా లేకుండా ఉన్నాయి. ఆ చర్మాన్ని అలా చూడడానికి కెజియా తొమ్మిదేళ్లు కష్టపడింది.

మధ్యాహ్నం రెండు దాటాక సలోమికి మెలకువ వచ్చింది. కిటికీ తెర వేసి ఉంది. పక్కన కెజియా తల్లి చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఏం చెప్పాలో, ఎలా మొదలుపెట్టాలో పొద్దుటి నుంచీ నోటిలో కూడగట్టుకుంటూనే ఉంది. సలోమి పెదవులు తడి చేసుకుని, మత్తు మత్తుగా, థియేటర్ సిస్టరు అడగాల్సిన ప్రశ్నే అడిగింది.

"పలకలు ఎంతసేపు ఉన్నాయే?"

గడ్డ తీశారా అనీ అడగలేదు, అంతా బాగుందా అనీ అడగలేదు. ఎన్ని నిమిషాలంటే ఏమని అర్థమో ఆవిడకు తెలుసు. కెజియా నాలుక చివర ఆ పాత మాట వచ్చి నిలబడింది. ఫర్వాలేదమ్మా. ఎంత సులువుగా వస్తుందో ఆమెకు అప్పుడు తెలిసింది.

"పదకొండు నిమిషాలమ్మా," అంది.

సలోమి కళ్లు మూసుకుంది. కళ్ల చివరల నుంచి నీళ్లు చెవుల వైపు జారుతుంటే తుడుచుకోవడానికి చెయ్యెత్తలేదు. తర్వాత కూతురి వేళ్లను గట్టిగా పట్టుకుంది.

"నొప్పిగా ఉందే కెజియా," అంది. "చాలా నొప్పిగా ఉంది."